పాలు మానేయాలా? ముందు ఆవు సంగతి తెలుసుకోండి

ప్రశ్న: మా ఇంట్లో పాల గురించి రోజూ గొడవే. ఆవులకు వేసే హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల ఆడపిల్లలు తొందరగా ఈడేరుతున్నారని ఫోన్‌లో ఒక వీడియో చూసి, తొమ్మిదేళ్ల మా పాపకు పాలు మాన్పించాను. మావారేమో ప్యాకెట్ పాలలో ప్లాస్టిక్ కలుపుతారని నమ్ముతారు. ఏదైనా ఫామ్ నుంచి పచ్చిపాలు తెచ్చుకుని కాచకుండా తాగుదామంటారు. ఆయనకు పాలు పడవు, కడుపు ఉబ్బరం. పచ్చిపాలైతే ఆ బాధ ఉండదని ఎవరో చెప్పారట. మా అత్తగారు, "ఆవు ఎప్పుడూ పాలిస్తూనే ఉంటుంది, పిండకపోతే దానికే నొప్పి" అంటారు. పదిహేడేళ్ల మా అబ్బాయి మాత్రం దూడ నోటి దగ్గరి పాలు మనం లాక్కుంటున్నామని పాలు, పెరుగు, నెయ్యి అన్నీ వదిలేశాడు. వీళ్లలో ఎవరి మాట నిజం? పాలు మానేయడమే మంచిదా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది ఇది. మీ ఇంట్లో పాల గురించి భయాలకు లోటు లేదు, కానీ వాటిలో చాలావరకు భయపడనక్కర్లేని చోట ఉన్నాయి. నిజంగా జాగ్రత్తపడాల్సిన రెండు మూడు విషయాల్లో ఒకదాన్ని మీవారు మంచి చిట్కా అనుకుంటున్నారు, ఇంకొకటి మీ ఉత్తరంలోనే లేదు.

ముందు మీ అత్తగారి మాట తీసుకుంటాను, ఎందుకంటే మిగతా గొడవలన్నిటికీ వేరు అక్కడే ఉంది. ఆవు ఎప్పుడూ పాలివ్వదు. ఈనితేనే పాలు. ఈ ఒక్క సంగతి తెలియనివాళ్లు ఎంతమంది ఉంటారో చెబితే మీరు నమ్మరు, బాగా చదువుకున్నవాళ్లలో కూడా. ఆవు అంటేనే పాలిచ్చే జంతువని చిన్నప్పుడు నేర్చుకుంటాం కానీ, అది ముందు తల్లి కావాలన్న సంగతి ఎవరూ చెప్పరు.

పెయ్య మొదటిసారి ఈనేసరికి దానికి రెండేళ్లు నిండుతాయి. మేత, పోషణ అంతంత మాత్రమైతే మూడేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. చూడికాలం ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు ఇంకో నెల ఎక్కువ. ఈనిన తర్వాత మొదటి కొద్ది రోజులు వచ్చేవి ముర్రుపాలు. ఆ తర్వాత పాలు రోజురోజుకూ పెరిగి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు గరిష్ఠానికి చేరి, అక్కణ్ణుంచి మెల్లగా తగ్గుతూ వస్తాయి. పాడి లెక్కల్లో ఒక ఈతకు 305 రోజుల పాలు అని వేసుకుంటారు. అయితే ఈనిన రెండు మూడు నెలలకే ఆవు ఎదకు వచ్చినప్పుడు మళ్లీ చూడి కట్టిస్తారు, ఈ రోజుల్లో ఎక్కువగా కృత్రిమ గర్భధారణతో. అంటే పాలిచ్చే కాలంలో చాలా భాగం ఆవు ఒకపక్క మనకు పాలిస్తూ, ఇంకోపక్క కడుపులో దూడను మోస్తూ ఉంటుంది. మళ్లీ ఈనడానికి రెండు నెలల ముందు పిండడం ఆపి వట్టిపోనిస్తారు. పొదుగు కోలుకోవడానికీ, లోపలి దూడ ఎదగడానికీ ఆ విరామం కావాలి.

పిండకపోతే నొప్పి అన్న మాటలో సగం నిజం ఉంది. దూడను పూర్తిగా వదిలేస్తే అది రోజుకు ఎనిమిది, పది లీటర్లు తాగుతుంది. ఎక్కువ పాలిచ్చే హోల్‌స్టీన్ ఆవు మంచి ఊపులో ఉన్నప్పుడు రోజుకు ముప్పై లీటర్లు, ఆపైన కూడా ఇస్తుంది. అన్ని పాలు ఏ దూడా తాగలేదు కాబట్టి ఆ రోజుల్లో ఒక్కసారిగా పిండడం మానేస్తే పొదుగు బిగుసుకుపోయి ఆవు బాధపడటం ఖాయం. కానీ ఆ పరిస్థితి తెచ్చిపెట్టింది మనుషులే. తరతరాలుగా ఎక్కువ పాలిచ్చే ఆవులనే ఏరి పెంచుతూ వచ్చారు కనుక దూడ అవసరానికి మూడు నాలుగింతల పాలు పొదుగులోకి వచ్చాయి. పాడికోసం ఎంపిక చేయని జాతుల్లో తల్లి పాలకూ దూడ ఆకలికీ పెద్ద తేడా ఉండదు, ఎవరూ పిండకపోయినా ఆ ఆవులకు ఏ ఇబ్బందీ రాదు.

ఇప్పుడు మీ భయం. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాప పాలు ఆగిపోయింది దీనివల్లే.

ఆవు పొదుగులో పాలు రెండు చోట్ల ఉంటాయి. చన్నులకు పైనున్న గదిలో కొన్ని, ఆ పైన లెక్కలేనన్ని సన్నటి తిత్తుల్లో మిగతావి. ఆవులో కిందికి దిగి సిద్ధంగా ఉండేవి సుమారు ఐదో వంతే. గేదెలో అంతకన్నా బాగా తక్కువ. మిగతా పాలు రావాలంటే పశువు చేపాలి, అంటే పాలను కిందికి వదలాలి. దూడ మూతి తగిలినా, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగినా, చివరికి బకెట్ చప్పుడు విన్నా మెదడు కింద ఉన్న గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. అది పొదుగు చేరాక, తిత్తుల చుట్టూ ఉన్న కండర కణాలు బిగుసుకుని పాలను కిందికి నెడతాయి. ఇదంతా ఒకటి రెండు నిమిషాల పని. పశువును బెదిరించినా, కొట్టినా, కొత్త మనిషి పిండబోయినా, భయంలో పుట్టే అడ్రినలిన్ అనే హార్మోన్ అడ్డుపడి పాలు దిగవు. పశువు ఎగచేపిందని పాడి రైతులు తిట్టుకునేది అప్పుడే.

దూడ చనిపోయిన పశువు చేపడం కష్టం. తొందరలో ఉన్నవాడికి చేపేదాకా ఆగే ఓపిక ఉండదు. అక్కడే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ వస్తుంది. గమనించండి, ఆ ఇంజెక్షన్ కొత్తగా పాలను తయారుచేయదు, తయారై ఉన్న పాలను కిందికి దింపుతుంది. రక్తంలోకి వెళ్లిన ఆక్సిటోసిన్ కొద్ది నిమిషాల్లోనే విరిగిపోతుంది. ఒకవేళ పాలలోకి రవ్వంత వచ్చినా, అది తొమ్మిది అమైనో ఆమ్లాలతో అల్లిన చిన్న ప్రొటీన్ ముక్క. మన పేగుల్లో ఏ ప్రొటీన్ అరిగినట్టే అదీ అరిగిపోతుంది. కాన్పు గదిలో నొప్పులు రావడానికి ఆడవాళ్లకు ఇచ్చేది ఇదే మందు. దాన్ని సెలైన్‌లో పెట్టి నరానికే ఎక్కిస్తారు కానీ తాగమని ఇవ్వరు. తాగితే పనిచేయదు కనుకనే అలా చేస్తారు.

ఇంకో సంగతి కూడా చూడండి. ఉత్తర యూరప్ దేశాల్లో 19వ శతాబ్దం మధ్యలో ఆడపిల్లలు రజస్వల అయ్యే సగటు వయసు పదహారు, పదిహేడేళ్లు. 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అది పదమూడు దగ్గరికి దిగింది. ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో మొదటిసారి తయారుచేసింది విన్సెంట్ డు విగ్నో అనే శాస్త్రవేత్త, 1953లో. ఆయనకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా. అంటే వయసులో ఆ పెద్ద తగ్గుదల చాలావరకు జరిగిపోయాకే ఈ మందును ప్రయోగశాలలో తయారుచేయగలిగారు. తిండి మెరుగుపడటం, పిల్లల జబ్బులు తగ్గడం, ఇటీవలి కాలంలో పిల్లల బరువు పెరగడం, వీటికీ ఈడేరే వయసుకూ సంబంధం ఉందన్నది చాలాకాలంగా గమనించిన విషయం.

మీరు చూసిన వీడియోలో ఇంకో హార్మోన్ గురించి కూడా చెప్పి ఉండొచ్చు, ఈ రెండిటినీ కలగలిపేయడం మామూలే. అది బీఎస్‌టీ, అంటే ఆవు ఎదుగుదల హార్మోన్. ఇది నిజంగానే పాల దిగుబడిని పెంచుతుంది. అమెరికా 1993లో దీనికి అనుమతి ఇచ్చింది. కెనడా 1999లో కుదరదు పొమ్మంది, యూరప్ కూడా నిషేధించింది. కెనడా వద్దన్నది మనుషుల గురించి భయపడి కాదు. అది వాడిన ఆవుల్లో పొదుగువాపు, కుంటి, చూడి కట్టకపోవడం ఎక్కువవుతాయని. ఇది కూడా ప్రొటీన్ హార్మోనే, నోటిద్వారా తీసుకుంటే అరిగిపోతుంది.

ఏ ఇంజెక్షనూ వేయని ఆవు పాలలో కూడా సహజంగా కొన్ని హార్మోన్లు ఉంటాయి. చూడి ఆవు పాలలో కొంచెం ఎక్కువగా ఉంటాయి. ఉండకపోతేనే వింత, అవి ఒక తల్లి శరీరంలోంచి వచ్చినవి. కానీ వాటి కొలత గ్రాములో వందకోట్లో వంతు లెక్కల్లో ఉంటుంది. పాలు తాగడం వల్లే పిల్లలు ముందుగా ఈడేరుతున్నారని ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు.

కాబట్టి పాపకు పాలు మళ్లీ మొదలుపెట్టండి. తొమ్మిదేళ్లకు ఒంట్లో మార్పులు మొదలైనా అది మామూలు వయసే. ఎనిమిదేళ్లు నిండకముందే మార్పులు కనపడితే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి. అప్పుడు పాలు మాన్పించి ఊరుకోవడం తప్పు, ఎందుకంటే అసలు కారణం వేరే ఏదో ఉండవచ్చు, దానికి వైద్యం కావాల్సి రావచ్చు.

ఇంజెక్షన్ మంచిదని నేను అనడం లేదు. రోజూ పొడిస్తే పశువు దానికి అలవాటుపడి, అది లేకపోతే చేపడం మానేస్తుంది. డాక్టరు చెప్పకుండా, ఒకే సూదితో కొట్టంలో ఉన్న పశువులన్నిటికీ పొడిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నష్టపోయేది పశువు. మన భయమంతా మన పిల్లల చుట్టూ తిరుగుతూ ఉంటే దాని సంగతి అడిగేవాళ్లు ఉండరు.

ఇక మీవారి ప్లాస్టిక్ పాలు. ఆ వీడియోలు నేనూ చూశాను. విరిగిన పాలను వేళ్లతో సాగదీస్తారు, అది రబ్బరులా సాగుతుంది. దాన్ని కాలిస్తే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. ఇంకేముంది, ప్లాస్టిక్ అని తేల్చేస్తారు. ఆవు పాల ప్రొటీన్‌లో సుమారు ఎనభై శాతం కేసీన్. పాలు పులిస్తే కేసీన్ ముద్దకడుతుంది, వేడిమీద సాగుతుంది. వెంట్రుక కూడా ప్రొటీనే కనుక రెండూ కాలితే ఒకే రకం వాసన. తమాషా ఏమిటంటే, ఒకప్పుడు పాల నుంచి ప్లాస్టిక్ నిజంగానే తయారుచేశారు. 1899లో జర్మనీలో పేటెంటు తీసుకున్న గాలలిత్ అనే పదార్థం కేసీన్‌తో చేసిందే. దానితో బొత్తాలు, దువ్వెనలు చేసేవారు. పాలలో ప్లాస్టిక్ కలిపితే లాభం ఎక్కడొస్తుందో మాత్రం ఆ వీడియో తీసినవాళ్లే చెప్పాలి.

పాలు కాచేటప్పుడు విరిగిపోతే కల్తీ అనుకోవడం కూడా ఇలాంటిదే. చల్లగా ఉంచని పాలలో బ్యాక్టీరియా పెరిగి లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. నాలుకకు పులుపు తెలియకముందే, వేడి తగలగానే విరిగేంత ఆమ్లం చేరి ఉంటుంది. ముర్రుపాలు, పొదుగువాపు వచ్చిన పశువు పాలు కలిసినా అంతే.

ప్యాకెట్ పాలమీద మీగడ మందంగా కట్టకపోవడానికీ మర్మమేమీ లేదు. పాలను గట్టి ఒత్తిడితో సన్నటి సందుల్లోంచి పంపి వెన్న రేణువులను చితక్కొడతారు. దాన్ని హోమోజెనైజేషన్ అంటారు. రేణువులు మరీ చిన్నవైపోయాక పైకి తేలి ఒకచోట చేరడం కష్టం. వెన్న ఎక్కడికీ పోలేదు, పాలలోనే ఉంది. అన్ని ప్యాకెట్ పాలకూ ఇది చేయరు, కవరు మీద రాసి ఉంటుంది చూడండి. నెలలతరబడి బయట ఉన్నా చెడని డబ్బా పాలు ఉంటాయే, వాటిలో ఏదో మందు కలిపారనుకుంటారు. వాటిని 135 డిగ్రీలకు పైన కొన్ని సెకన్లు మాత్రమే వేడిచేసి, సూక్ష్మజీవులు లేని డబ్బాలో గాలి చొరకుండా మూసేస్తారు. లోపల సూక్ష్మజీవే లేకపోతే పాలను చెడగొట్టేది ఎవరు? మూత తీసిన మరుక్షణం నుంచి అవీ మామూలు పాలే, ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో వాడేయాలి.

చిక్కగా ఉంటే మంచి పాలు, పలచగా ఉంటే నీళ్లు కలిపినవి అన్న లెక్క కూడా నమ్మకండి. గేదె పాలలో వెన్న ఏడెనిమిది శాతం ఉంటుంది, ఆవు పాలలో నాలుగు దగ్గర. గేదె పాలతో పోలిస్తే ఏ కల్తీ లేని ఆవు పాలు కూడా పలచనే. పాల సాంద్రతను కొలిచే లాక్టోమీటరును కూడా అంతగా నమ్మలేం. నీళ్లు కలిపితే దాని రీడింగ్ తగ్గుతుంది, వెన్న తీసేస్తే పెరుగుతుంది. తెలివైన దొంగ ముందు వెన్న తీసి, తర్వాత నీళ్లు పోస్తే రీడింగ్ సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంటుంది. వెన్న కూడా కొలిస్తేనే దొంగ దొరుకుతాడు.

కల్తీ లేదని నేను అనను. 2008లో చైనాలో ఏం జరిగిందో చూడండి. పాలలో నీళ్లు కలిపి, ప్రొటీన్ తగ్గినట్టు తెలియకుండా మెలమైన్ అనే రసాయనం వేశారు. ప్రొటీన్‌ను నేరుగా కొలవకుండా నైట్రోజన్‌ను కొలిచి అంచనా వేసేవారు, మెలమైన్‌లో నైట్రోజన్ దండిగా ఉంటుంది. ఆ పాలపొడి తాగి దాదాపు మూడు లక్షలమంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. అది ఇంట్లో సాగదీసో, కాల్చో, వాసన చూసో కనిపెట్టగలిగిన కల్తీ కాదు. ల్యాబులో పరీక్షించాలి. అందుకే నేను వంటింటి పరీక్షల వీడియోలకన్నా, పాలను రోజూ పరీక్షించి ఆ ఫలితాలకు బాధ్యత వహించే డెయిరీని ఎక్కువ నమ్ముతాను.

పచ్చిపాల విషయంలో మీవారి మాట అసలు వినొద్దు. మీ ఉత్తరంలో ఉన్న వాటన్నిటిలో నిజమైన ప్రమాదం ఇదొక్కటే. పచ్చిపాల ద్వారా బ్రూసెల్లోసిస్, పశువుల క్షయ, సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, కొన్ని ప్రమాదకరమైన ఈ.కోలై రకాలు మనుషులకు రావచ్చు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకితే గర్భిణికి గర్భస్రావం కావచ్చు. బ్రూసెల్లోసిస్ వస్తే జ్వరం తగ్గుతూ మళ్లీ వస్తూ, కీళ్లనొప్పులతో నెలలపాటు పీడిస్తుంది. ఆవు చూడటానికి ఆరోగ్యంగా, కొట్టం శుభ్రంగా, రైతు మంచివాడిగా ఉన్నా ఇవి ఉండవచ్చు. పొదుగునుంచి వచ్చే పాలు ఎంత తాజావైనా, పేడ రేణువు ఒక్కటి పడితే చాలు.

కాచితే పోషకాలు పోతాయంటారు. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల దగ్గర అరగంట, సూక్ష్మజీవులను చంపే పాశ్చరైజేషన్ అంటే అంతే. కాల్షియం చెక్కుచెదరదు, ప్రొటీన్ విలువ దాదాపు అలాగే ఉంటుంది. కొన్ని బి విటమిన్లు, విటమిన్ సి కొద్దిగా తగ్గుతాయి. విటమిన్ సి కోసం పాలు తాగేవాళ్లు ఎవరూ లేరు, అది పాలలో మొదటినుంచీ తక్కువే. పాశ్చరైజ్ చేసి దారంతా చల్లగా వచ్చిన పాలను మళ్లీ కాచాల్సిన పని లేదు. దారిలో ఎక్కడో ఎండలో ఉండిపోయాయేమో అనిపిస్తే ఒక పొంగు రానివ్వండి. రోజంతా పదేపదే మరిగించడం మాత్రం అనవసరం. ఫామ్ నుంచి పాలు తెచ్చుకోవాలనే ఉంటే తెచ్చుకోండి, తప్పు లేదు, కానీ కాచి తాగండి.

ఆయన కడుపు ఉబ్బరానికి కారణం బహుశా లాక్టోస్, అంటే పాలలోని చక్కెర. దాన్ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ ప్రపంచంలో మూడింట రెండు వంతుల పెద్దవాళ్లలో చిన్నతనం దాటాక తగ్గిపోతుంది. అది జబ్బు కాదు, చాలామంది ఒంటితీరే అంత. పచ్చిపాలలో కూడా లాక్టోస్ అంతే ఉంటుంది, దాన్ని అరిగించే ఎంజైమ్ అందులో లేదు, కాబట్టి పచ్చివైనా కాచినవైనా ఉబ్బరం ఒకటే. పెరుగులో లాక్టోస్ కొంత తగ్గుతుంది, పైగా అందులోని బ్యాక్టీరియా అరుగుదలకు సాయపడుతుంది. చాలామంది ఒక విడతకు గ్లాసు పాల వరకు, తిండితో కలిపి తీసుకుంటే, ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. ముందు పెరుగుతో, తక్కువ పాలతో చూడమనండి. అప్పుడూ తగ్గకపోతే డాక్టరును కలవాలి. పాల ఎలర్జీ వేరు. అది ప్రొటీన్‌కు వచ్చేది, దద్దుర్లు, ఆయాసం దాకా పోతుంది. అలాంటివాళ్లు పెరుగుకు కూడా దూరంగా ఉండాలి.

ఏ2 పాలు తాగితే ఇవన్నీ పోతాయని కూడా ఎవరో ఒకరు చెబుతారు. కేసీన్‌లో ఒక రకంలో 209 అమైనో ఆమ్లాలు ఉంటాయి, 67వ స్థానంలో ఏది ఉందన్నదే ఏ1కీ ఏ2కీ తేడా. గేదె పాలన్నీ ఏ2 రకమే. లాక్టోస్ రెండిట్లోనూ సమానం. ఏ1 పాలవల్ల గుండెజబ్బు, మధుమేహం వస్తాయన్న వాదనను 2009లో యూరప్ ఆహార భద్రత సంస్థ పరిశీలించి, ఆ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. ఏ2 తాగితే కడుపు తేలిగ్గా ఉందనేవాళ్లున్నారు, ఉండొచ్చు. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టాలా అన్నది మీ ఇష్టం, నేనైతే పెట్టను.

ఇప్పుడు మీరు అడగని విషయం. పాలిచ్చే పశువులకు ఎక్కువగా వచ్చే జబ్బుల్లో పొదుగువాపు ఒకటి. దానికి యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తుంది, వాడటం తప్పు కాదు, బాధపడుతున్న పశువుకు వైద్యం చేయకపోవడమే తప్పు. కానీ ఒక్కో మందుకు ఇన్నాళ్లని గడువు ఉంటుంది. ఆ గడువు తీరేదాకా ఆ పశువు పాలు అమ్మకూడదు, పారబోయాల్సిందే. నష్టానికి వెనకాడి పారబోయనివాళ్లు ఉంటారు. ఈ మందుల అవశేషాల్లో చాలావాటికి కాచినంతమాత్రాన ఏమీ కాదు. కొందరికి ఎలర్జీ రావచ్చు, మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికీ అవి సాయపడతాయి. పెద్ద డెయిరీలు ట్యాంకరు లోపలికి వచ్చేముందే పరీక్షిస్తాయి, ఒకందుకు ఆరోగ్యం, ఇంకొకందుకు వ్యాపారం: యాంటీబయాటిక్ ఉన్న పాలలో తోడు వేసిన బ్యాక్టీరియా బతకదు, పెరుగు తోడుకోదు. మీవారు ఫామ్‌కు వెళితే ప్లాస్టిక్ గురించి కాకుండా, మందు వేసిన పశువు పాలు ఏం చేస్తారని అడగమనండి. జవాబుకోసం ఎంతసేపు తడుముకుంటారో కూడా చూడమనండి.

దీనికి అనుబంధంగా పాలలో చీము ఉంటుందన్న ప్రచారం ఒకటి ఉంది. పాలలో తెల్ల రక్తకణాలు ఎప్పుడూ ఉంటాయి, తల్లిపాలలో కూడా ఉంటాయి. పొదుగువాపు వస్తే ఆ సంఖ్య అమాంతం పెరుగుతుంది, అందుకే దాన్ని లెక్కపెట్టి పాల నాణ్యత చూస్తారు. యూరప్‌లో మిల్లీలీటరుకు నాలుగు లక్షలు, అమెరికాలో ఏడున్నర లక్షలు దాటకూడదని హద్దు. అంకెలు పెద్దవిగా కనిపిస్తాయి కానీ అవి కంటికి కనపడని కణాలు.

జలుబు చేస్తే పాలు మానాలా అని మీరు తర్వాత ఎలాగూ అడుగుతారు కనుక చెబుతున్నా: పాలు కఫాన్ని పెంచవు. లాలాజలంతో కలిసినప్పుడు గొంతులో జిగురుగా అనిపిస్తుంది, అంతే. అలాగని పాలు సంపూర్ణాహారమూ కాదు. ఇనుము దాదాపు లేదు, పీచు అసలు లేదు. ఏడాదిలోపు పసివాళ్లకు తల్లిపాలకు బదులుగా ఆవు పాలు పట్టకూడదనడానికి ఇనుము లేకపోవడం ఒక ముఖ్య కారణం.

చివరగా మీ అబ్బాయి. ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదివినట్టున్నాడు. అతను చెప్పేవాటిలో చాలావరకు అపోహలు కావు. వ్యాపార పాడిలో చాలాచోట్ల దూడను పుట్టిన కొద్ది గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తల్లినుంచి వేరుచేసి విడిగా పాలు పడతారు. కోడెదూడ పాలివ్వదు కనుక దానికి విలువ తక్కువ, చాలాచోట్ల దాని బతుకు పొట్టిది. ఇరవై ఏళ్లు బతకగల ఆవును, పాలు తగ్గాయనో చూడి కట్టడం లేదనో ఐదారేళ్లకే మందలోంచి తీసేయడం పెద్ద ఫామ్‌లలో మామూలు. వీటిని కొట్టిపారేస్తే అతనికి మీ మీద నమ్మకం పోతుంది.

అయితే అన్ని కొట్టాలూ ఒకటి కాదని కూడా అతనికి తెలియాలి. పుట్టిన దూడకు మొదటి కొద్ది గంటల్లో బరువులో పదో వంతు ముర్రుపాలు పట్టడం మంచి పాడి మొదటి నియమం. ఆ పాలలోని రోగనిరోధక పదార్థాలను దూడ పేగులు పీల్చుకోగలిగేది మొదటి రోజు మాత్రమే, ఆ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. దూడకు పాలు దక్కనివ్వకుండా పాడి చేసేవాడు రేపటి ఆవును పోగొట్టుకుంటాడు. దూడను తల్లితోనే ఉంచి, అది తాగగా మిగిలినవే పిండే ఫామ్‌లు ఉన్నాయి. పెయ్యదూడలే ఎక్కువగా పుట్టేలా వేరుచేసిన వీర్యం వాడితే పుట్టేవాటిలో పదికి తొమ్మిది పెయ్యలే, కోడెల సమస్య కొంత తగ్గుతుంది. ఆవులు గాలిలోకి మీథేన్ వదులుతాయని కూడా అతను అని ఉంటాడు. అదీ నిజమే, కాకపోతే వెనకనుంచి కాదు, దాదాపు అంతా త్రేనుపుల్లో వస్తుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కన్నా సుమారు ఇరవై ఎనిమిది రెట్లు వేడి పుట్టించే వాయువు అది. గడ్డిని అరిగించేది ఆవు కాదు, దాని పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు. మనం తినలేని గడ్డి పాలుగా మారే ఆ పనిలోనే మీథేన్ పుడుతుంది.

ఇన్ని తెలిసి కూడా పాలు తాగనంటే, అది అతని నిర్ణయం. బలవంతం చేయకండి. గ్లాసు పాలలో దాదాపు 300 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పదిహేడేళ్ల వయసులో ఎముక ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. కాబట్టి కాల్షియం కలిపిన సోయా పాలు, ఆకుకూరలు, నువ్వుల్లాంటివి రోజూ తినేలా చూడండి. సోయా పాల ప్యాకెట్ మీద కాల్షియం ఎంత కలిపారో చదవమనండి, కొన్నిటిలో అసలు కలపరు. బి12 విటమిన్ మాత్రం మొక్కల తిండిలో నమ్మదగినంత దొరకదు. గుడ్లు, మాంసం కూడా తినడు అంటే దానికి మాత్ర వాడాల్సిందే. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి ఒకసారి రక్తపరీక్ష చేయించి, మోతాదు రాయించుకోండి.